ఖాళీ: ఒకటి

జీడిమెట్ల పారిశ్రామికవాడలో పంపుల విడిభాగాలు చేసే ఓ చిన్న యూనిట్‌లో స్టోర్స్ నేనే చూస్తాను. మా అక్క కొడుకు బీటెక్ అయ్యాక, ఉద్యోగం దొరికేదాకా ఇంట్లో ఎందుకని నా దగ్గరే అసిస్టెంటుగా చేరాడు. నా బిన్ కార్డులూ, ఇండెంట్ పుస్తకాలూ చూసి ముఖం చిట్లించి, స్టాకంతా ఫోన్లో కనబడేలా ఓ వెబ్ యాప్ తయారుచేశాడు. ఫిట్టరు మిషను దగ్గరే నిలబడి ఏది ఎన్ని ఉన్నాయో చూసుకుంటాడు, ‘ఇష్యూ’ నొక్కుతాడు, కిటికీ దగ్గరికొచ్చి సామాను పట్టుకెళ్తాడు. ఓనరుకి తెగ నచ్చింది.

ఓ సాయంత్రం షిఫ్టు మారే వేళ, 6205 బేరింగు కోసం ఇద్దరు ఫిట్టర్లు కిటికీ దగ్గర కాలర్లు పట్టుకున్నారు. ఇద్దరి ఫోన్లలోనూ ‘ఇష్యూ అయింది’ అనే ఉంది. అరలో ఉన్న బేరింగు ఒక్కటే. యాప్‌లో స్టాకు చూస్తే శుభ్రంగా సున్నా. మైనస్ ఒకటని చూపినా ఎక్కడో తేడా జరిగిందని తెలిసేది. సున్నా చూసిన ఏ ఆడిటరైనా కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తాడు.

మావాడు రాత్రంతా కూర్చుని సంగతి పట్టుకున్నాడు. పొద్దున టీ కొట్టు దగ్గర చెప్పాడు.

“ఫోను సర్వర్‌ను ‘ఎన్ని ఉన్నయ్’ అని అడుగుతది మామా. జవాబొచ్చేదాక ఊకె కూసోదు, వేరే పని చూసుకుంటది. ఆలోపల రెండో ఫోను గూడ అడిగింది. ఇద్దరికీ ‘ఒకటి’ అనే వచ్చింది. ఇద్దరూ ఒకట్లకెల్లి ఒకటి తీసేసి సున్నా అని రాసిన్రు. రెండోది పోయి మొదటిదాని మీద పడ్డది. లెక్క సక్కగనే ఉన్నది, బేరింగే తక్కువైంది.”

“మరి నా బిన్ కార్డు మీద ఇట్ల ఎన్నడు కాలేదు గదరా?”

“కార్డొక్కటే, రాసే చెయ్యొక్కటే. నువ్వు చూసి, ఇచ్చి, రాసేదాక ఇంకొకడు కార్డు ముట్టడు. చూసుడుకు, రాసుడుకు నడుమ సందు లేదు. నా యాప్‌ల ఆ సందున్నది.”

ఆ సందు మూసేశాడు. తీసివేత ఫోన్లో చేయడం మాన్పించి, ‘ఒకటైనా ఉంటేనే ఒకటి తగ్గించు’ అని డేటాబేస్‌కే ఒక్క ఆజ్ఞగా ఇచ్చాడు. ప్రతి ఐటమ్‌కీ ఓ వెర్షన్ నంబరు తగిలించాడు. పాత నంబరు పట్టుకుని ఎవరైనా మార్చబోతే సర్వర్ 412 అనే కోడుతో తిప్పిపంపుతుంది, మళ్లీ చదువుకుని రమ్మంటుంది. వెతికే పెట్టెలో ఇంకో తంటా ఉండేది. ‘6205’ అని కొడుతుంటే, మధ్యలో ‘62’కి అడిగిన జవాబు తీరిగ్గా ఆఖర్న వచ్చి, అప్పటికే వచ్చిన సరైన జాబితాని తుడిచిపెట్టేది. కొత్త ప్రశ్న వెళ్లగానే పాతదాన్ని రద్దుచేసేలా అదీ సరిచేశాడు.

“ఇది మనసొంటి చిన్నోళ్ల జబ్బనుకోకు మామా. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాలల్ల దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. అండ్ల దీని చెయ్యి గూడ ఉన్నది. ఒహాయోల ఓ కంట్రోల్ రూమ్ సాఫ్ట్‌వేర్‌ల రెండు పనులు ఒకే డేటాను ఒకేసారి రాయబొయ్యి అలారం మూగబోయింది. లైన్లు పడిపోతున్నా ఆపరేటర్లకు తెల్వలే.”

పిల్లవాడికి పని పట్టుబడిందని ఆ రోజే అర్థమైంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన దగ్గర్నుంచీ జీడిమెట్లలో చదువుకున్న ప్రతి కుర్రాడి చూపూ అటే. వీడికీ హైటెక్ సిటీలో ఓ కంపెనీ నుంచి ఇంటర్వ్యూ వచ్చింది. షాపూర్‌నగర్‌లో బస్సెక్కి, బాలానగర్‌లో మెట్రో అందుకుని, అమీర్‌పేటలో మారి వెళ్లాడు.

లోపల ఓ కాగితం చేతికిచ్చి తప్పుంటే చెప్పమన్నారట. కోడు చిన్నదే. సీట్లు ఎన్ని ఖాళీ అని సర్వర్‌ని అడుగుతుంది. సున్నా కన్నా ఎక్కువుంటే ఓ పేరు రాసి, ఖాళీల్లో ఒకటి తగ్గించి రాస్తుంది. సినిమా టికెట్ల కోడేమో అనుకున్నాడు మావాడు. చూడగానే బేరింగు గుర్తొచ్చింది.

“జావాస్క్రిప్ట్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది కదా, ఇక పోటీ ఎక్కణ్నుంచి వస్తుంది?” అని మెలిక పెట్టాడట ఇంటర్వ్యూ చేసేవాడు.

“పేజీ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది సార్. కానీ ‘అవెయిట్’ అన్నచోట ఆగి, పగ్గాలు వదిలేస్తుంది. జవాబు పట్టుకుని తిరిగొచ్చేసరికి కింద లెక్క మారిపోయి ఉండొచ్చు. పైగా ఇదే పేజీ ఇంకొకరి దగ్గర కూడా తెరిచి ఉంటుంది. ఇద్దరికీ ఒకే సీటు కనబడుతుంది, ఇద్దరూ పేరు రాస్తారు, ఆఖరు పేరే మిగులుతుంది” అని బోర్డు మీద దిద్ది చూపించాడు. “మాకు సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి” అన్నారట.

బయట తన వంతు అయిపోయి కూర్చున్న ఇంకో కుర్రాడు తగిలాడు. “అండ్ల తప్పేం లేదని చెప్పిన అన్నా. మంచిగనే నడుస్తది గద!” అన్నాడట. ఇంటికొచ్చి ఆ ముక్క చెప్పి పడీపడీ నవ్వాడు మావాడు.

ఆఫర్ లెటర్ వచ్చింది. యూనిట్‌లో రాజీనామా ఇచ్చాడు. ఓనరు మిఠాయి పెట్టె తెప్పించాడు, ఆ వారమే ఇంకో అసిస్టెంటునీ పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున్నే మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కొత్త కంపెనీకి వెళ్లేసరికి, రిసెప్షన్‌లో అదే కుర్రాడు కూర్చుని ఉన్నాడు. చేతిలో అదే లెటర్, అదే పోస్టు నంబరు.

హెచ్ఆర్ అమ్మాయి వచ్చి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి తల పట్టుకుంది. “సారీ అండీ. పోస్టు ఒక్కటే. నేనూ, మా కొలీగూ ఒకేసారి పోర్టల్ తెరిచాం. ఇద్దరికీ ‘ఖాళీ: ఒకటి’ అనే చూపించింది. చెరొకరికి ఆఫర్ పంపేశాం.”

మావాడికి ఆ కాగితం మీది సీట్లు ఏ సీట్లో అప్పుడు వెలిగింది. “మేడమ్, ఇంటర్వ్యూలో ఇచ్చింది...”

“మా పోర్టల్ కోడేనండీ. దాన్ని బాగుచేయడానికేగా ఈ పోస్టు పెట్టింది!”

“మరి ఇప్పుడు మా ఇద్దరిలో?”

“సిస్టంలో ఏ పేరుంటే వాళ్లే.” స్క్రీను తిప్పి చూపించింది. “ముందు మీ పేరే పడింది. తర్వాత మీ మీద ఆయన పేరు పడింది.”

ఇద్దరూ నంబర్లు ఇచ్చిపుచ్చుకుని విడిపోయారు. వారం తిరక్కుండా ఆ కుర్రాడి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

“అన్నా, ఇంటర్వ్యూల ఇచ్చిన కోడే మళ్ల నాకిచ్చి తప్పు పట్టుమన్నరు. ఇప్పటికీ నాకైతే మంచిగనే కనబడుతున్నది. అండ్ల ఏం తప్పున్నదో జర చెప్తవా?”