మీరే పరేషానైతరు సార్!

నల్లగొండలో కిరాయి ఇల్లు సంపాదించడం గ్రూప్స్ పరీక్ష రాసినట్టే. కులమేందని ఒక పేపరు, నీసు వండుతరా అని ఒక పేపరు, చుట్టాలెంతమంది వస్తరు, మోటరు రోజుకెన్నిసార్లు వేస్తరు అని జనరల్ నాలెడ్జి. నిరుడు మా బావ ఇవన్నీ మంచి మార్కులతో గట్టెక్కి, తీరా ఇంటర్వ్యూలో పోయాడు. బావది చక్రాల కుర్చీ.

మేనత్త కొడుకు. పుట్టింది మర్రిగూడ మండలంలో. ఆ దిక్కు కాళ్లు వంకర్లు పోయాయంటే అందరూ ఫ్లోరైడనే అనుకుంటారు గానీ ఈయనది పోలియో. బ్యాంకులో క్లర్కు. పాలమూరు నుంచి నల్లగొండకు బదిలీ అయితే ఇల్లు వెతకడానికి నన్ను తోడు రమ్మన్నాడు. నేను బండి మీద ముందుపోయి మాట్లాడటం, ఓనరు ఊఁ అంటే ఆయన ఆటోలో వచ్చి దిగడం. ఇరవై రెండు రోజుల్లో పద్నాలుగు ఇళ్లు చూశాం. రామగిరి, ప్రకాశం బజారు వెనక సందులు, హైదరాబాద్ రోడ్డు, దేవరకొండ రోడ్డు. గమ్మత్తేమిటంటే ఆ పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా 'ఇయ్యం' అనలేదు. అంత దయగల మనుషుల్ని వరసగా నేనెప్పుడూ చూడలేదు. కుర్చీ ఆటోలోంచి దిగుతుంటేనే వాళ్ల మొహాలు మెత్తబడేవి. ఆ తర్వాత అదే మాట: "మాకేం లేదు సార్, మీరే పరేషానైతరు."

ఎంత పకడ్బందీ మాటో చూడండి. ఇల్లు ఇవ్వనివాడు ఓనరు, అయ్యో అనేవాడూ ఓనరు, కారణం మాత్రం బావ. మెట్లు ఎవరూ కట్టించలేదు. అవి స్వయంభువులు. వాటిని కదిలిస్తే పాపం.

ఒకాయన వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్ చూపించమన్నాడు. పింఛన్ ఇచ్చేవాళ్లకు లేని శ్రద్ధ అది. "ఎంత పర్సెంటు సార్?" అన్నాడు. ఎనభై అన్నాడు బావ. "యాభై లోపయితే చూసేటోణ్ణి" అని నొచ్చుకున్నాడు. ఇంకొకాయన మా బాధ విని, మా ఇంట్ల మాత్రం ఫ్లోరైడ్ లేదు, అన్నీ మిషన్ భగీరథ నీళ్లే అని ధైర్యం చెప్పాడు.

తొమ్మిదో ఇల్లు మాత్రం చెప్పి తీరాలి. హైదరాబాద్ రోడ్డు నుంచి లోపలికి మూడో సందు. కొత్తగా రంగేశారు, వాసన ఇంకా పోలేదు. గేటు ముందు సిమెంటు ర్యాంపు పోయించాడు, టైర్లు జారకుండా అడ్డగీతలు కూడా గీయించాడు. దాని మీదుగా కారు సుఖంగా పోర్టికోలోకి పోతుంది. అక్కడి నుంచి హాల్లోకి ఒకే ఒక్క మెట్టు, దాని మీద గడప. నేను జేబులోంచి టేపు తీసి కొలిచాను. మొత్తం ఎనిమిది అంగుళాలు. "ఇక్కడొక చెక్క వేసుకుంటం, ఖర్చు మాదే, ఖాళీ చేసిననాడు పట్టుకపోతం" అన్నాను. ఆయన ఆలోచించినట్టే ఆలోచించి, వాస్తుకు ఒప్పదన్నాడు. తూర్పు గుమ్మానికి అడ్డం పెడితే ఇంటికి అరిష్టమట.

హాల్లో ఎదురుగా గృహప్రవేశం ఫోటో, ఫ్రేము కట్టించి వేలాడదీశారు. పసుపు బొట్లతో ఆవు, పక్కన పంతులు, వెనక కొత్త చీరల వరస. ఆవు సరిగ్గా ఆ గుమ్మంలోనే నిలబడి ఉంది. బావ కుర్చీలోంచే అడిగాడు, "ఆవు ఎట్ల ఎక్కిందన్నా?" ఓనరు నవ్వుతూ "చెక్కేసినం" అన్నాడు. అన్నాక ఆయనకే వినిపించింది. "గోమాత ముచ్చట వేరు సార్" అని సర్దుకున్నాడు.

వేరే మరి. ఆవు ఒక్కపూట ఉండి పోతుంది. అద్దె కట్టదు, అడ్వాన్సు ఇవ్వదు, అయినా దానికి చెక్క. నెల నెలా ఒకటో తారీకున ఫోన్‌పే కొట్టేవాడికి అరిష్టం. మాకు చూపించిన పోర్షన్‌లో అంతకుముందున్న కిరాయిదారు ఏసీ పెట్టుకుంటానంటే గోడకు పిడికిలి పట్టేంత బొక్క కొట్టనిచ్చారు, ఆ బొక్కలో ఇప్పుడు పిచ్చుక కాపురముంటోంది. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక స్టీలు రాడ్డు, నాలుగు స్క్రూలు అంటే మాత్రం గోడ ఆయుష్షు తగ్గుతుందన్నాడు.

ఓనర్ల వైపు నుంచి ఒక న్యాయం ఒప్పుకోవాలి. చక్రాల కుర్చీకి పనికొచ్చే ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు. అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు కావాలి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఇల్లు పల్లమవుతుందన్న భయంతో మనవాళ్లు పునాదిని మూడడుగులు లేపుతారు. దానికి ముప్ఫై ఆరడుగుల ర్యాంపంటే వంద గజాల ప్లాటులో ఇక ఇంటికి జాగా ఉండదు. అలాంటి ఓనరుతో మాకు పంచాయితీ లేదు. మా పంచాయితీ ఎనిమిది అంగుళాల వాళ్లతో.

ఎందుకంటే పాలమూరులో మెట్టుగడ్డ దగ్గర బావ ఏడేళ్లున్నాడు. పేరులోనే మెట్టున్న చోట ఆయనకు మెట్టు అడ్డం రాలేదు. ఇంటి ముసలమ్మ మొదటిరోజే కుర్చీని, గడపను మార్చి మార్చి చూసింది. మర్నాడు మేస్త్రిని పిలిచి గడపకు అటొకటి ఇటొకటి షాబాదు బండ వాలుగా పరిపించింది. గంట పని. మేస్త్రికి కూలి, ఒక చాయ్. ఆమెకు చదువు రాదు. 2016లో పార్లమెంటు వికలాంగుల హక్కుల చట్టం చేసిందని, అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉందని, ఎదుటివాడికి మోయలేని భారం కాని సర్దుబాటును నిరాకరించడం కూడా వివక్షేనని అందులో రాసి ఉందని ఆమెకెవరూ చెప్పలేదు. తెలియకనే అమలు చేసింది పాపం.

తెలిసినవాళ్ల సంగతి వేరు. 1995 నాటి చట్టంలో ఏడు వైకల్యాలుంటే కొత్తదాంట్లో ఇరవై ఒకటి చేశారు. వికలాంగులు ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎవరూ నిర్బంధించరాదని 5వ సెక్షన్‌లో ఉంది. అయితే ఆ చట్టం ఆఫీసు తలుపు తడుతుంది, ఆసుపత్రి తలుపు తడుతుంది, రెండు పోర్షన్ల ఇంటి గేటు దగ్గరికొచ్చేసరికి చెప్పులు విడిచి బయటే నిలబడుతుంది. కిరాయి తగాదాలకు మనకింకా దిక్కు 1960 నాటి చట్టమే. నల్లా బందు చేస్తే ఏం చేయాలో అందులో ఉంది. గడప గురించి ఒక్క ముక్క లేదు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లకు 2020లో టీఎస్ బీపాస్ అని అనుమతుల చట్టం వచ్చింది. 75 గజాల లోపయితే అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. కడిగేవాడు లేడు, అడిగేవాడు లేడు.

పబ్లిక్ భవనాల గతి మాత్రం ఏం మెరుగు? మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ వాళ్లు దేశంలో అవి ఎంత అందుబాటులో ఉన్నాయో పరిశీలించి నివేదిక ఇస్తే, సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న రాజీవ్ రాతూరి కేసులో తీర్పు చెప్పింది. వికలాంగుల చట్టం కింద కేంద్రం రాసుకున్న 15వ రూల్ ఉత్త సలహాలా ఉంది, చెల్లదు, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు మూడు నెలల్లో పెట్టండి అని. బావ పనిచేసే చోట ర్యాంపు ఉంది. దాని మీద రోజూ మూడు బండ్లు స్టాండు వేసి ఉంటాయి.

ఇక తొమ్మిదో ఇంటి ఓనరు కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి అపార్టుమెంటు ఎంత సాఫుగా ఉంటుందో, మొన్న పోయినప్పుడు మోకాళ్ల నొప్పుల భార్యకు ఎంత సుఖమైందో ఆయనే చెప్పాడు. అక్కడ 1988లోనే చట్టం చేశారు. కిరాయిదారు తన ఖర్చుతో ర్యాంపు పెట్టుకుంటానంటే ఓనరు కాదనకూడదు. 1991 మార్చి తర్వాత నాలుగు, అంతకుమించి ఇళ్లతో కట్టిన అపార్టుమెంట్లలో చక్రాల కుర్చీ పట్టే తలుపులే పెట్టాలి. డల్లాస్‌లో వాస్తు ఎటు పోయిందో నేనడగలేదు.

ఇదంతా వేరే ఊళ్లో జరిగితే కొత్త అనుకోవచ్చు. నల్లగొండకు ఇది కొత్తా? నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతటా ఈ ఊరి పేరే పెట్టుకున్నారు, నల్లగొండ టెక్నిక్ అని. ఎముకలు వంగిన శివన్నగూడెం అంశల స్వామిని ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజ్‌పేయికి చూపించి నీళ్లడిగిన జిల్లా ఇది. వంగిన మనిషిని ఊరేగింపులో ముందు నడిపించినన్నాళ్లు నడిపించాం. 2015 చివర్లో ప్రధాని మోదీ దివ్యాంగులనే పేరు కూడా ఇచ్చారు. పేరు బ్రహ్మాండంగా ఉంది, దాన్ని టు-లెట్ బోర్డు కింద రాసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

ఇరవై మూడో రోజు బావకు చోటు దొరికింది. మడిగె. రోడ్డు మీదున్న షట్టరు గది, ముందు జిరాక్సు సెంటరు ఉండేది. దుకాణానికి గిరాకీ సులువుగా రావాలని ముందు మెట్టు పెట్టలేదు, నేల రోడ్డుకు సమంగా ఉంది. వెనక ఒక చిన్న బాత్రూం. పొద్దున షట్టరు లేపుతాడు, రాత్రి దించుకుంటాడు. కరెంటు మీటరు కమర్షియల్ కావడంతో బిల్లు ఇంటి రేటు మీద రాదు.