తంగేడు దొరకలేదు

సూరత్ లింబాయత్‌లో మా తెలుగువాళ్ల గల్లీకొక యాప్ మామ ఉంటాడు. తండ్రి కరీంనగర్ నుంచి వలస వచ్చి సాంచాల మోతలో చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు చీరల ప్రింటింగులో నాలుగు రాళ్లు వెనకేసి, కళ్లూ చెవులూ రెండూ ఫోనుకు అప్పగించాడు.

పొద్దున్నే కిటికీ తియ్యడు, ఫోను తీస్తాడు. బయట ఎండో మబ్బో అదే చెప్పాలి. ఓసారి జల్లు దంచికొట్టి మేమంతా దుకాణం రేకుల కిందికి ఉరికితే, మామ నడిరోడ్డు మీదే నిలబడ్డాడు. "వాన ఇరవై శాతమే ఉన్నదిరా, పడదు!" చెబుతున్న నోట్లోకే పడుతోంది.

2006 వరద చూసిన ఊరు కదా, వానాకాలం వచ్చిందంటే సూరత్ కన్నంతా ఉకాయ్ డ్యామ్ మీదే. పూర్తి మట్టం 345 అడుగులు. ఇంకెంత తక్కువుందో, ఎన్ని క్యూసెక్కులు వదిలారో మామ నాలుక మీద ఉంటుంది. "తాపీ ఒడ్డుకు పోయి చూసొద్దామా మామా?" అంటే "ఎందుకురా, లైవ్ వస్తున్నది" అంటాడు.

జనవరి 14, ఉత్తరాయణం. ఊరు ఊరంతా మిద్దెలెక్కి "కాయ్‌పో ఛే" అని అరుస్తుంటే, మామ గాలి వేగం చదివి వినిపిస్తాడు. వేలికి మాంజా కోత పడని సూరతీ ఈయనొక్కడే.

ఎండా వానా గాలీ అన్నీ ఫోనులోనే. అలాగని మామకు పూలకు కొదవ లేదు. రోజూ వేల మీటర్ల పాలిస్టరు మీద తోటలు పూయిస్తాడు. విత్తనం పెన్‌డ్రైవ్‌లో వస్తుంది. బతుకమ్మ సీజనుకు ఆయన 'తంగేడు చీర' ఐదు రంగుల్లో దిగుతుంది. నీలం తంగేడుకు గిరాకీ ఎక్కువట.

మొన్న బతుకమ్మకు మామతో వాళ్లవ్వ చెప్పింది: "శివారుకు పోయి నాలుగు తంగేడు కొమ్మలు తెంపుకరా బిడ్డా." రెండు గంటలు బండి మీద తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు.

"తంగేడు యాడా లేదవ్వా. బాట పొంటి మొత్తం ఇగో, గీ పచ్చపూల పొదలే. యాప్‌ల కొడితే సెన్నా ఆరిక్యులేటా అన్నది."

అవ్వ ఫోటో చూసింది. కొడుకు ముఖం చూసింది. కొంగు బొడ్లో దోపి, "బండి తియ్యి" అంది.

పొద దగ్గర అవ్వ ఒడినిండా తంగేడు తెంపుతుంటే మామ చుట్టూ తిరిగి చూశాడు.

"మరి నీలంవి యాడుంటయే అవ్వా?"