పుల్లల మాస్టారు

పెళ్లిభోజనాలు అయ్యాక అందరూ చేతులు కడుక్కుని కిళ్లీ ఎక్కడిస్తున్నారో చూసుకుంటుంటే, ఒకాయన మాత్రం ఐస్‌క్రీం బల్ల పక్కనున్న చెత్తడబ్బా దగ్గర తచ్చాడుతుంటాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో ఎరుపూ నీలం రెండు పెన్నులు, చేతిలో ఖాళీ కవరు. ఆడపెళ్లివారు ఆయన్ని మగపెళ్లివారి మనిషనుకుంటారు, వాళ్లు వీళ్ల మనిషనుకుంటారు, అందుకని ఎవరూ ఏమీ అనరు. దగ్గరికి వెళ్లి చూస్తే ఐస్‌క్రీం పుల్లలు ఏరుతుంటాడు. "నూటయాభై తేలాయండీ. పదిహేను కట్టలు!" అంటాడు, బిడియం అన్నది లేకుండా.

ఒకటీ రెండూ తరగతులు చెప్పే ఇలాంటి మాస్టారు ప్రతి మండలానికీ ఒకరైనా ఉంటారు. మా విజయనగరం జిల్లాలో నాకు దొరికినాయనకి ఊరు పెట్టిన పేరు పుల్లల మాస్టారు. అసలు పేరు జీతం బిల్లులో ఉంటుంది. నేను పక్క గదిలో మూడు నుంచి ఐదు దాకా చెప్పుకుంటాను. మధ్యన ఒక్కటే గోడ. గోడకి ఇటు ఎక్కాలు, అటు ఎప్పుడూ సంత.

ఆయన దృష్టిలో లోకంలో చెత్త అనేది లేదు. ఎండాకాలం వీధరుగుల మీద ఆడవాళ్లు చింతపండు కొట్టుకుంటుంటే "పిక్కలు పారెయ్యకండమ్మా" అని ముందే చెప్పి పెట్టుకుంటాడు. సీసా మూతలు, అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలు, సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు ముక్కలు, అన్నీ ఆయనవే. ఎవరైనా శుభలేఖ ఇస్తే ముహూర్తం చూడడు, వేలితో అట్ట మందం చూస్తాడు. వెనకవైపు తెల్లగా ఉంటే ఆ పెళ్లికి తప్పకుండా వెళ్తాడు. "కట్నం బదులు నాలుగు గోనెల చింతపిక్కలిస్తామన్నా మా పెళ్లి అయిపోయేది" అంటుంది వాళ్లావిడ.

ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, శిక్షణా తరగతుల్లో అంటుకున్నది. అంతకు ముందు, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డు అని ఒక పథకం వచ్చింది. ప్రతి ప్రాథమిక బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, కొంత బోధన సామగ్రి. సామగ్రి పెట్టెల్లో దిగింది. పిల్లలు పాడుచేస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలన్న భయంతో చాలామంది హెడ్మాస్టర్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. స్టాకు రిజిస్టరులో ఏటా 'బాగున్నది' అని రాసేవారు. చెయ్యి పడని వస్తువు బాగుండక ఏమవుతుంది?

1996లో ఉమ్మడి రాష్ట్రంలోని ఐదు జిల్లాల్లో డీపీఈపీ, అంటే జిల్లా ప్రాథమిక విద్యా పథకం, మొదలైంది. మా జిల్లా అందులో ఒకటి. బోధన, అభ్యసన సామగ్రి కోసం టీచరుకి ఏడాదికి 500 రూపాయల టీఎల్‌ఎం గ్రాంటు. ఆ డబ్బుతో మాలో చాలామంది చార్టులూ స్కెచ్ పెన్నులూ కొని నాలుగు గోడలూ నింపాం. మన మాస్టారు మాత్రం రబ్బరు బ్యాండ్లు కొన్నాడు. శిక్షణలో పాటలు పాడించి గుండ్రంగా తిప్పి ఆడిస్తే మేమంతా ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం. ఆయన ఒక్కడే బుద్ధిగా తిరిగి, బడికొచ్చి పిల్లల్నీ తిప్పాడు. తరవాత సర్వశిక్షా అభియాన్ వచ్చింది, 2021లో నిపుణ్ భారత్ వచ్చింది, 2023లో జాదుయీ పిటారా అని ఢిల్లీ నుంచి ఆటల పెట్టె ఒకటి వచ్చింది. పథకం పేరు మారినప్పుడల్లా ఆయన తన గోనెసంచి మీద పాత లేబుల్ పైన కొత్త లేబుల్ అంటిస్తాడు. లోపల అవే చింతపిక్కలు.

ఇప్పుడు పుల్లల సంగతి. తీసివేతలు నేర్చుకునేటప్పుడు మా తరమంతా పక్కింట్లో అప్పు తెచ్చుకున్నవాళ్లమే. ముప్పై రెండులోంచి పదిహేడు తియ్యాలి. రెండులోంచి ఏడు పోదు, కాబట్టి పక్కింటికెళ్లి ఒకటి అప్పు తే. ఒకటి అప్పు తెస్తే పది ఎలా అయిందో, ఆ అప్పు మళ్లీ ఎప్పుడు తీర్చాలో ఏ మాస్టారూ చెప్పలేదు, మేం అడగనూ లేదు. పుల్లల మాస్టారి గదిలో అప్పు లేదు. మూడు కట్టలు, రెండు విడిపుల్లలు ఇస్తాడు. పదిహేడు నాకిచ్చెయ్యమంటాడు. పిల్లాడు విడిపుల్లలు రెండూ ఇచ్చి బిక్కమొహం వేస్తాడు. కాసేపటికి వాడికే తోస్తుంది: ఒక కట్ట విప్పాలి. విప్పితే పన్నెండు విడివి. ఏడు పోతే అయిదు, ఒక కట్ట పోతే ఒక కట్ట. పదిహేను. ఇదంతా కాయితం మీద రెండు నిమిషాల పని. అక్కడ మాత్రం పూటంతా సాగుతుంది. ఎందుకంటే కట్ట విప్పడానికి ఒకడు ససేమిరా ఒప్పుకోడు. "విప్పితే రబ్బరు తెగిపోద్ది మాస్టారూ, నాను విప్పను" అని కట్టని గుండెకి హత్తుకుని కూర్చుంటాడు. మాస్టారు వాణ్ణి కసరడు. ఇంకో రబ్బరు బ్యాండు హామీగా వాడి చేతిలో పెడతాడు.

శుక్రవారం కొట్టు ఆట. ఖాళీ సబ్బు డబ్బాలు, టీపొడి ప్యాకెట్లు, శుభలేఖల అట్టలతో చేసిన రూపాయి నోట్లు. అన్ని ధరలూ ఇరవై లోపే. కూడికలు, చిల్లర తిరిగివ్వడం నేర్పాలని ఆయన లెక్క. మొదటివారమే ఒక బుడతడు డబ్బు ముట్టుకోకుండా సబ్బు పట్టుకుని, "రాసుకో. మా అయ్యకి కూలి డబ్బులొచ్చాక ఇస్తాడు" అని నడిచాడు. కొట్టు మీద కూర్చున్న పిల్ల తక్కువదా? "ముందు పాతబాకీ తియ్యి" అంది. ఏ శిక్షణా పుస్తకంలోనూ లేని పాఠం ఇది. మాస్టారు అప్పటికప్పుడు ఒక నోటుపుస్తకం చించి కుట్టి అప్పుల ఖాతా పెట్టించాడు. పేరు, సరుకు, ఎంత. ఒకరి అప్పు ఇంకొకరి పేరు మీద పడి గొడవలయ్యాయి. దాంతో తరగతిలో ప్రతివాడూ మిగతావాళ్లందరి పేర్లూ చదవడం రాయడం నేర్చుకున్నాడు, పోట్లాటకి ఆధారం ఉండాలి కదా. నేను నెలల తరబడి చెప్పిన గుణింతాలు చెయ్యని పని ఆ బాకీలు చేశాయి.

ఇంకోరోజు వరండా పొడవు అడుగులతో కొలవమన్నాడు. అందరికన్నా పొట్టివాడికి అందరికన్నా ఎక్కువ అడుగులొచ్చాయి. వాడు తానే గెలిచానని వరండా అంతా గెంతాడు. పొడుగుపిల్ల వాడు అడుగు చిన్నది వేశాడని ఫిర్యాదు. "మరి అందరికీ ఒకే పాదం ఉంటే బాగుణ్ణు కదా" అని మాస్టారు అమాయకంగా అని, అప్పుడు స్కేలు బయటికి తీశాడు. ముందే తీసి ఉంటే పావుగంటలో అయిపోయేది, మా గదిలో తొమ్మిదో ఎక్కమూ పూర్తయ్యేది.

వాల్వ్ ట్యూబుల వెనక అరవింద్ గుప్తా ఉన్నాడు. ఐఐటీ కాన్పూరులో ఇంజినీరింగ్ చదివి, పారేసిన వస్తువులతో బొమ్మలు చేసి పిల్లలకి సైన్సు నేర్పిన మనిషి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వాల్వ్ ట్యూబు ముక్కల్లో అగ్గిపుల్లలు గుచ్చి ఆకారాలు చెయ్యడం ఆయన ప్రసిద్ధి చేసిన పద్ధతే. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది, మూడు పుల్లల త్రిభుజం వాలదు. ఇది తెలిశాక రెండో తరగతివాళ్లు ఊళ్లో కనబడ్డ ప్రతి పాకకప్పునీ నొక్కి చూడాలని బయలుదేరారు.

అన్నీ నెగ్గుతాయనుకోకండి. కొబ్బరి చిప్పల్లో పెసలు మొలకెత్తించి, రోజుకెంత పెరిగాయో గోడ మీద రాయించాడు. మొదటిరోజు ఏమీ లేదు, మూడోరోజు తెల్లగా ముక్కు, అయిదోరోజు రెండాకులు, ఆరోరోజు గడిలో ఒకటే మాట: మేక. బెండకాయ కోసి రంగులో ముంచి అచ్చులు వేయిస్తానని వంటగదిలోకి వెళ్తే మధ్యాహ్న భోజనం వండే అమ్మ గరిటె అడ్డం పెట్టింది. "ఏటి మాస్టారూ, నిన్న కందిపప్పు లెక్కెడతానని అట్టుకెళ్లి గుప్పెడు తక్కువిచ్చినారు. పిల్లలకి కూరొండమంటారా, పువ్వులెయ్యమంటారా?" ఆయన తొడిమెలు మాత్రం ఇప్పించుకుని వచ్చాడు. అచ్చు తొడిమెతోనూ పడుతుందట.

తల్లిదండ్రుల బాధ వేరు. "మావోడు ఇంటికొచ్చి పిక్కలాడినాం, కొట్టాడినాం అంటన్నాడు. బడెప్పుడు ఎడతారండీ?" అని ఒక తాత సాయంత్రం గేటు దగ్గర నిలదీశాడు. పక్క ఊరి కాన్వెంటు పిల్లలు ఇంగ్లీషు పద్యాలు గడగడా చెబుతుంటే తాతకి మనసు ఆగడం లేదు. మాస్టారు మాట్లాడకుండా తాతని కొట్టు ఆటలో కూర్చోబెట్టాడు. మనవడు ఆయనకి పద్నాలుగు రూపాయల సరుకు అమ్మి, ఇరవై నోటుకి ఆరు చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. తాత రెండుసార్లు లెక్కపెట్టుకుని, "సరే గానీ, ఏబీసీడీలు?" అన్నాడు.

మండలంలో టీఎల్‌ఎం మేళా పెడితే ఈ మాస్టారి జాతికి ఎదురుజాతి ఎవరో తెలుస్తుంది. వాళ్ల బల్లలు మెరుస్తుంటాయి. థర్మాకోల్ సౌరకుటుంబం, బ్యాటరీతో తిరిగే భూమి, చుట్టూ జరీ అంచు, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు. 'ముట్టుకోరాదు' అని అందంగా రాసిన అట్ట. మన మాస్టారి బల్ల మీద మట్టిగొట్టుకుపోయిన గోనెసంచి, పళ్లగాట్లున్న పుల్లలు, అంచులు అరిగిన అట్టముక్కలు, తాడు కట్టిన కొబ్బరి చిప్పల తక్కెడ. జడ్జిగా వచ్చినాయన "కొత్తవి చేసుకురావచ్చు కదండీ" అన్నాడు. బహుమతి సౌరకుటుంబానికి వెళ్లింది. అన్యాయమని నేనంటాను. పళ్లగాట్లున్న పుల్లకన్నా గొప్ప సర్టిఫికెట్ ఉండదు. కానీ ఫొటోలో అది మెరవదన్నదీ నిజమే.

అలాగని ఆయనలో లోటు లేదని చెప్పను. పుల్లలు ఎప్పుడు తియ్యాలో ఆయనకి బాగా తెలుసు, ఎప్పుడు లోపల పెట్టాలో తెలియదు. వస్తువులోంచి బొమ్మకి, బొమ్మలోంచి అంకెకి పిల్లాడు నడవాలి. ఈయన వస్తువు దగ్గరే పందిరి వేసుకుని కూర్చుంటాడు. ఆయన పిల్లలు మూడో తరగతిలో నా దగ్గరికి వచ్చాక కూడా లెక్క ఇవ్వగానే చెయ్యి సంచికోసం గాలిలో తడుముకుంటుంది. ఈ ఏడు రెండో తరగతిలో ఒక పిల్ల ఉంది. సంచి దగ్గర తోపులాట భరించలేక, పలక మీద కట్టకి నిలువుగీత, విడిపుల్లకి చుక్క పెట్టుకుని తీసివేతలు చేసేస్తోంది. ఎవరూ చెప్పలేదు. మాస్టారు పలక చూసి పొంగిపోయాడు, పది పలకల మీద అదే వేయించాడు, మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి మాత్రం "అయితే పుల్లలతో పని లేదంటుందా అది?" అని దిగులుగా అడిగాడు.

మొన్న సెలవులకి ముందు వాళ్లావిడ తెగించి పాత సామాన్లవాణ్ణి పిలిచింది. వాకిట్లో మూడు గోనెలు పెట్టి బేరమాడుతోంది. ఇల్లు బడి ఎదురే. మాస్టారు పరిగెత్తుకెళ్లి ఆపుతాడనుకుంటే, తరగతి మొత్తాన్ని వెంటబెట్టుకుని వెళ్లాడు, తక్కెడ పాఠానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదని. తాళ్లు కట్టిన పాతకాలపు తక్కెడ వాడిది. ఒక చిప్పలో రాయి, ఒక చిప్పలో సామాను. రెండు తూనికలు చూశాక ఆ గీతలూ చుక్కల పిల్ల, "ఇప్పుడు రాయి అటెయ్యి, సామాను ఇటెయ్యి" అంది. కొబ్బరి చిప్పల తక్కెడతో వాళ్లు ఆ పరీక్ష ఎన్నోసార్లు చేశారు. చిప్పలు మారిస్తే ముల్లు కూడా మాట మార్చింది. సామాన్లవాడు తక్కెడ చుట్టేసి, "బడిపిల్లలనుకున్నాను, తూనికలాఫీసోళ్లని తెచ్చినావేటమ్మా" అని బండి తిప్పాడు.

గోనెలు అమ్ముడుపోలేదు. పైగా మాస్టారి కన్ను ఆ బండిలోని విరిగిన సైకిల్ చక్రం మీద పడింది. ఇరవై రూపాయలకి తెగింది. జేబు తడుముకుంటే సీసా మూతలు, రెండు రబ్బరు బ్యాండ్లు, సుద్దముక్క వచ్చాయి. ఆ ఇరవై నేనే ఇచ్చాను. ఊరికే ఇవ్వలేదు, రెండో తరగతి అప్పుల ఖాతాలో ఆయన పేరు మీద రాయించాను. కొట్టుపిల్ల నాలుక బయటపెట్టి శ్రద్ధగా రాసింది: మాసటారు, చక్రం, 20.