బావమరిది సందేశమునకు టీకా తాత్పర్యము

మూలము: "బావా, బేరిటోన్ గిటారు తీసుకోమంటావా? మామూలుది ఉందనుకో. పాట నా గొంతుకి అందటం లేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

అవతారిక: కర్త పోర్టుబ్లెయిరు వాసి. 2024లో ఆ ఊరికి శ్రీవిజయపురమని పేరు పెట్టారు గాని, ఓడ టికెట్టు అడిగేటప్పుడు ఆయన నోట పాత పేరే వస్తుంది. 2011 జనగణనలో అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి పదముగ్గురు తెలుగువారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి సముద్రం దాటినవాళ్ళు బోలెడుమంది. కర్తదీ ఆ కోవే. సందేశం రాత్రి పదకొండు దాటాక వచ్చింది.

బావా = సంబోధన. సలహా అడుగుతున్నట్టే ఉన్నా, రేపు గొడవైతే చూపించడానికి ఒక సాక్షిని కూర్చుకుంటున్నాడని పూర్వవ్యాఖ్యాతల మతం. పూర్వవ్యాఖ్యాతలనగా మా ఆవిడ, కర్తకు అక్క.

బేరిటోన్ గిటారు = గిటారుకు, బేసుకు నడుమ పలికే ఆరు తీగల వాద్యం. గిటారు లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, బేసుది 41 దగ్గర, దీనిది సాధారణంగా 62 దగ్గర. మోగే తీగ నిడివి గిటారుకు 25 అంగుళాల చిల్లర, దీనికి 27 నుంచి 30.

శంక: ఉన్న గిటారునే కిందికి శ్రుతి చేసుకోరాదా?

సమాధానము: చేసుకోవచ్చు. తీగలు వదులై మెట్లకు కొట్టుకుని గరగరలాడతాయి. లావు తీగలు వేస్తే కొంత నయం, కాని అవి నట్టు గాట్లలో సరిగా కూర్చోవు. నిడివి పెరిగితేనే మంద్రంలోనూ బిగువు నిలుస్తుంది.

శంక: ఐదో మెట్టు మీద, తీగలన్నిటినీ నొక్కిపట్టే కేపో బిగిస్తే ఇదీ మామూలు గిటారు శ్రుతికే వస్తుంది గదా?

సమాధానము: వస్తుంది. కేపో శ్రుతిని పైకెక్కించగలదు గాని దించలేదు కనుక, కేపోతో మామూలు గిటారును బేరిటోన్ శ్రుతికి తేలేం.

గొంతుకి అందటం లేదు = మూలానికి ప్రాణమిదే, దోషమూ ఇదే. బాలు పాట పల్లవి దాకా కర్తకు సుఖం. చరణం పైకెక్కగానే కళ్ళు మూసుకుంటాడు, వినేవాళ్ళు తన్మయత్వమనుకుంటారు. బేరిటోన్‌లో సీ కార్డు పట్టు పడితే జీ పలుకుతుంది, నిజమే. ఆ జీ మామూలు గిటారులోనూ ఉంది. గొంతు కోసమే అయితే కార్డులు మార్చుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. ఈ వాద్యమిచ్చేది వేరు: ఒక్కడే వాయిస్తున్నా అడుగున బేసు కూడా ఉన్నట్టు తోచే లోతు. గిటారిస్టు పాట్ మెథీనీ 2001 చివర్లో ఇంట్లో ఒంటరిగా కూర్చుని బేరిటోన్ మీద వాయించినదే చాలావరకు 2003లో 'వన్ క్వయట్ నైట్' ఆల్బమైంది. బ్యాండులో బేసు వాయించేవాడు పక్కనుంటే మాత్రం ఇద్దరి ధ్వనులూ అడుగున కలిసిపోయి ఏదీ తేలదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న, ఎవరితో వాయిస్తావన్నది.

ఇంట్లో ఇంకా చెప్పలేదు = ఆ ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. ఇల్లు నిద్రపోయాక ఒక్కడే వాయిస్తాడు. అలాంటివాడికి బేరిటోన్ సరైనదే.

పాఠాంతరం: "ఇంకా" ఉన్నచోట "ఇప్పటికే కొనేసి" అని చదవాలని మా ఆవిడ. తమ్ముడి వాక్యాలు ఆమెకు చిన్నప్పటి నుంచీ కంఠస్థం గనుక ఆమె పాఠమే గ్రాహ్యం.

విశేషాంశము: గిటార్ల వెనుక పలకలకు వాడే పడౌక్ కలపలో ఒక జాతికి అండమానే పుట్టిల్లు. ఛాథంలో 1883 నుంచి రంపపు మిల్లుంది. అయినా గిటారు మాత్రం సముద్రం దాటే రావాలి.

తాత్పర్యము: "సముద్రపు గాలికి తీగలు తుప్పు పడతాయి. బేరిటోన్ సెట్లు అబర్డీన్ బజార్లో అడిగినా దొరుకుతాయో లేదో. రెండు సెట్లు ఎక్కువ తెప్పించుకో" అని జవాబు రాశాను. "మూడు చెప్పాను బావా" అని క్షణంలో ప్రత్యుత్తరం.