పడాలి, అరవాలి, లేవాలి: ఒక రిలే సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: కరెంటు పోతే పడాలి, పడితే అరవాలి, అరిస్తే లేవాలి.

అవతారిక: నందివాడ వైపు ఓ రొయ్యల చెరువు గట్టు మీద, మకాం గోడకి బిగించిన ప్యానెల్ తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసి ఉన్న సూత్రం ఇది. కర్త పేరు లేదు. ఎవరో ఎలక్ట్రీషియన్ అని పెద్దల మాట. మేఘసందేశానికి సంజీవని వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథ సూరి ఈ గట్టెక్కలేదు గనక ఆ భారం మా నెత్తిన పడింది. విషయం: కరెంటు పోక. ప్రయోజనం: పంట పట్టుబడి దాకా బతకడం. అధికారి: తెల్లవారుజామున నిద్రపోయే ప్రతివాడూ. సంబంధం: రెండు తీగలు.

టీక: పడాలి, అరవాలి, లేవాలి అని క్రియలు మూడే ఉన్నాయి, కర్త ఒక్కడూ లేడు. పడేది రిలే, అరిచేది సైరను, లేవాల్సింది కాపలా మనిషి. కొన్ని ప్యానెళ్ళలో ‘అరిస్తే లేపాలి’ అని పాఠాంతరం. ఇద్దరు కాపలా ఉన్నచోట అదే సాధువు.

పోతే: ఎప్పుడు పోతే? సూత్రకర్త చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. చెరువులో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. తెల్లవారే ముందు డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, అట్టడుక్కి చేరుతుంది. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములుంటే రొయ్య సుఖంగా ఉంటుంది. 3 కిందికి దిగితే తేలిపోయి గట్టు పడుతుంది. సరిగ్గా ఆ వేళకి నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయంటే పెట్టుబడికి నీళ్ళు వదులుకోవడమే.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: “అరుపులెందుకయ్యా, ఏరేటర్లనే బ్యాటరీ మీద తిప్పరాదా?” లెక్క వినండి. ఇళ్ళలో ఇన్వర్టరుకి పెట్టే 12 వోల్టుల 150 యాంపియర్-అవర్ బ్యాటరీలో ఉన్నది మొత్తం 1,800 వాట్-అవర్లు. రెండు హార్స్‌పవర్ ఏరేటరు తినేది సుమారు 1,500 వాట్లు. ఇన్వర్టరు వాటా పోను, బ్యాటరీని పూర్తిగా పిండకూడదన్న నియమం పాటిస్తే, ఒక్క ఏరేటరుకి గంట కూడా రాదు. పైగా మోటారు లేచేటప్పుడు మామూలుకి ఐదారు రెట్లు లాగుతుంది. కాబట్టి తిప్పే పని జనరేటరుది. బ్యాటరీది కేకేసే పని. పూర్వపక్షి కూర్చున్నాడు.

పడాలి: ఈ మాటలోనే కర్త ప్రతిభంతా ఉంది. కరెంటున్నంతసేపూ రిలే కాయిల్ అయస్కాంతమై కాంటాక్టుని పట్టి ఉంచుతుంది. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని రెండో వైపుకి, అంటే కాయిల్‌లో కరెంటు లేనప్పుడు కలిసుండే ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) వైపుకి లాగేస్తుంది. బ్యాటరీ, సైరను ఆ వైపునే కాచుకుని ఉంటాయి. లేవడానికి కరెంటు కావాలి. పడ్డానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. కాయిల్ కాలిపోయినా, తీగ తెగినా పడుతుంది, అరుస్తుంది. తన రోగం తనే చెప్పుకునే యంత్రం.

అయినా దోషం లేకపోలేదు, వ్యాఖ్యాత మొహమాటపడకూడదు. మామూలు 230 వోల్టుల ఏసీ రిలే 184 వోల్టులొస్తే ఎత్తుకుంటుంది గానీ, ఖాయంగా వదలాలంటే వోల్టేజీ 70 దాకా దిగాలి. మధ్యలో లో వోల్టేజీతో మోటారు మూలుగుతున్నా రిలే పట్టు విడవదు. అంతకన్నా మాయ సింగిల్ ఫేజింగ్, అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోవడం. ఫేజుకొకటి చొప్పున మూడు రిలేలు పెట్టాం, మనకేం భయం అనుకుంటాం. తిరుగుతున్న త్రీఫేజ్ మోటారు, పోయిన ఫేజులోకి తనే వోల్టేజీ పుట్టించి పంపుతుంది. ఆ దొంగ వోల్టేజీ చూసి మూడో రిలే కూడా నిక్షేపంగా నిలబడుతుంది. లోపల వైండింగు కాలుతుంటుంది. మా సిద్ధాంతం: లైన్లో వోల్టేజీ ఉందా అని అడగడం చాలదు, మోటారు మూడు తీగల్లోనూ సరైన కరెంటు పారుతోందా అని అడగాలి. అది చూసే రిలేలు బజార్లో దొరుకుతాయి. మోటారు రీవైండింగు ఖర్చు తెలిసినవాడు వాటి ధర దగ్గర బేరమాడడు.

అరవాలి: సైరను తీగ బ్యాటరీకే కలపాలి, ఛార్జరుకి కాదు. ఇక్కడ డయోడ్ మతంవారున్నారు: ఎడాప్టరునీ బ్యాటరీనీ చెరో డయోడుతో కలిపితే, వోల్టేజీ ఎక్కువున్నదే సరఫరా ఇస్తుంది, క్షణం తెగదు అంటారు. మకాంలో కెమెరాకీ రౌటరుకీ ఆ మతమే మేలు. సైరనుకి రిలే చాలు.

లేవాలి: లేచి చేంజోవర్ తిప్పాలి. లైనూ జనరేటరూ ఒకే ఒరలో రెండు కత్తులు. ఒకటి పూర్తిగా విడిపోయాకే రెండోది తగలాలి. ఆ స్విచ్ లేకుండా జనరేటరు కలిపితే మన కరెంటు వెనక్కి వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మరులో 11 వేల వోల్టులై, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కరెంటు తిరిగి రాగానే ఎగబడి మార్చకూడదు. అది రెండు మూడుసార్లు పోయి వచ్చి గానీ కుదుటపడదు.

తాత్పర్యం: సరఫరా ఆగగానే రిలే విడివడి బ్యాటరీ మీద సైరను మోగించగా, కాపలా మనిషి మేలుకొని జనరేటరు వేయవలెనని భావం.

విశేషం: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి నందివాడ మండలంలో ఊళ్ళూ చెరువులూ ఏకమైనప్పటిలాంటి వేళలకి ఈ సూత్రం వర్తించదు. గట్టే మునిగితే ప్యానెల్ ఏం చేస్తుంది?

ఫలశ్రుతి: పారాయణతో ఫలం రాదు. వారానికోసారి పట్టపగలు మెయిన్ దించి సైరను అరుస్తోందో లేదో వినండి. అరవకపోతే అదే రోజు బ్యాటరీ మార్చండి.