శిఖం భూమి లాంటి చోటు

నేను హార్డ్‌డిస్కును. నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాను, లక్ష కోట్ల బైట్లు దాచుకుంటాను. నేనుండే బొంగులూరు సాగర్ రోడ్డు మీద ఔటర్ రింగురోడ్డును ఆనుకున్న ఊరు. పొలాలు ప్లాట్లవుతున్న ఈ చోట హద్దురాయి అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకూ హద్దులుంటాయి. పాత పద్ధతిలో నా మొదటి సెక్టారే నా పహాణీ. దానిలోని 512 బైట్లలో 446 బూట్ కోడుకు, 64 విభాగాల పట్టికకు, మిగిలిన రెండు ముద్రకు. ఒక్కో పద్దుకు 16 బైట్లు కావాలి కనుక నాలుగు పద్దులకే చోటు. 1983లో డాస్ 2.0తో వచ్చిన ఈ పహాణీ రెండు టెరాబైట్లు దాటిన డిస్కును కొలవలేదు. అందుకే ఇప్పుడు మామూలుగా 128 పద్దులు పట్టే జీపీటీ అనే విభాగాల పట్టికను వాడుతున్నారు.

విండోస్‌కు సగం, లినక్స్‌కు సగం అని అన్నదమ్ముల వాటాల్లా నన్ను పంచడం సరికాదంటాను. పోయినదాన్ని మళ్లీ తెచ్చుకోగలమా లేదా అన్నదే పంపకానికి కొలత కావాలి. విండోస్ అయినా, తెలుగులో పలకరించే స్వేచ్ఛ లినక్స్ అయినా మళ్లీ ఎక్కించుకోవచ్చు. విద్యార్థి రాసుకున్న ప్రాజెక్టు, ఇంట్లో పెళ్లి ఫొటోలు అలా దొరకవు. వాటికి వేరే విభాగం ఉంటే, 2025 అక్టోబరు 14న మద్దతు ఆగిన విండోస్ 10ను తుడిచేసి మరొకటి పెట్టినా వాటికి ఆ మార్పు తగలదు. అయితే విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయాలి. అది ఉంటే విండోస్ పూర్తిగా మూతపడదు. ఆ స్థితిలో లినక్స్ వచ్చి అదే విభాగంలో రాస్తే ఫైళ్లు పాడవుతాయి. వర్చువల్ మెషీన్ ఉండగా ఈ హద్దుల గొడవ ఎందుకని అడుగుతారు. ర్యామ్ పుష్కలంగా ఉన్నచోట ఆ మాట నిజమే. నాలుగు జీబీల యంత్రంలో మాత్రం రెండు వ్యవస్థలు ఒకేసారి కూర్చుంటే రెండూ ఈడుస్తాయి. ఒక్క మాట ఒప్పుకోవాలి. నా మోటారు ఆగితే హద్దులన్నీ కలిసే పోతాయి కనుక, నకలు మరో డిస్కులో ఉండాల్సిందే.

అసలు నేను గట్టిగా పట్టుపట్టేది స్వాప్ కోసం. ర్యామ్ చాలనప్పుడు, చాలాసేపుగా ఎవరూ ముట్టని మెమరీ పేజీలను తెచ్చి నాలో ఉంచే చోటే స్వాప్. 1962లో మాంచెస్టర్‌లోని అట్లాస్ కంప్యూటర్ ఈ పనికి అయస్కాంత డ్రమ్మును వాడింది. ర్యామ్ ఎక్కువైన ఈ రోజుల్లో ఆ చోటు దండగ అనేవారున్నారు. ఇబ్రహీంపట్నం చెరువు శిఖాన్ని ఎండాకాలంలో చూసినా ఖాళీ భూమిలాగే కనిపిస్తుంది. నీళ్లొచ్చిన ఏడు అవి నిలవాల్సింది అక్కడే. స్వాప్ అసలే లేకుండా ర్యామ్ నిండితే లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామును చంపేస్తుంది. నేను నిదానమే, దాచను. కావలసిన సెక్టారు ముల్లు కిందికి రావడానికే సగటున నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్ ఆ లోపల నలభై వేలసార్లు బదులు చెప్పగలదు. కాబట్టి స్వాప్‌ను ర్యామ్‌కు బదులుగా లెక్కేసుకోకూడదు, పొంగినప్పుడు పట్టే చోటుగానే చూడాలి. దానికి విభాగమే అక్కర్లేదు, ఫైలు చాలన్న వాదనలో బలముంది. ఉబుంటు 2017లో 17.04 నుంచి అలాగే చేస్తోంది, కొలత మార్చడమూ సులువు. అయినా రెండు లినక్సులున్నచోట ఒకే స్వాప్ విభాగం ఇద్దరికీ సరిపోతుంది. కానీ ఒకదాన్ని హైబర్నేట్ చేసి రెండోదాన్ని తెరవకూడదు. మొదటిది తన ర్యామ్ మొత్తాన్ని అక్కడే ఒంపి నిద్రపోయి ఉంటుంది, రెండోది దాని మీదే రాసేస్తుంది.