డాబా మీది బాకా

సాయంత్రం నేను గొంతెత్తానంటే ఆరు కావస్తోందని ఊరికి లెక్క. గడియారం చూసుకునేవాళ్లు తక్కువ, నా పాట విని పొయ్యి మీద గిన్నె దించుకునేవాళ్లు ఎక్కువ. గోదావరి కాలవ గట్టున ఓనరు గారే సొంతంగా నడుపుకునే సినిమాహాలు మాది. దాని డాబా మీద ఇనప గొట్టానికి బిగించిన రెండు బాకాల్లో సంతపేట వైపు చూసేదాన్ని నేను. అల్యూమినియం ఒళ్లు, బూడిదరంగు పెయింటు, వెనకాల మరలతో బిగించిన యూనిట్టు. రెండోది కాలవ అవతలి గట్టు వైపు తిరిగి ఉండేది. దానికి కొబ్బరితోటలు, నాకు జనం. అందుకని నాకు కాస్త గర్వం ఉండేదంటే తప్పు పట్టకండి.

నేను హాలుకి వచ్చిన ఏడాదే ‘లవకుశ’ వచ్చింది. వచ్చిందంటే విడుదలయింది, 1963 మార్చి 29న. మా ఊరికి రావడం వేరే సంగతి. అప్పట్లో సినిమాకి తీసే ప్రింట్లే కొద్ది. ముందు బెజవాడ, గుంటూరు, రాజమండ్రి లాంటి ఏ సెంటర్లలో ఆడాలి. అక్కడ జనం పలచబడ్డాక బీ సెంటర్లు. అక్కడా అయిపోయాక, అరిగి గీతలు పడ్డ రీళ్లు రేకు పెట్టెల్లో మా సీ సెంటరుకి దిగాలి. గేటు పక్కన ‘రాబోవు చిత్రం’ అని బోర్డు పెట్టారంటే ఆ రాబోవడం వచ్చే వారమన్నా కావచ్చు, వచ్చే పంటకన్నా కావచ్చు. బోర్డు మీద సీతమ్మవారి చీర రంగు ఎండకి వెలిసిపోయింది గానీ బొమ్మ రాలేదు. గేట్‌మన్ ఆ ఎండాకాలమంతా ఒకటే జవాబు చెప్పాడు: “వస్తదయ్యా, పెట్టె బయల్దేరింది.”

ఆ రాబోయే బొమ్మ సంగతి ఊరికి చెప్పడమే నా అసలు పని. అందుకోసం నన్ను డాబా మీంచి దింపి రిక్షాకి కట్టేవాళ్లు. రెండు పక్కలా వెదురు తడికలకి అంటించిన వాల్‌పోస్టర్లు, సీటు కింద బ్యాటరీ, ఆంప్లిఫయరు, పైన నేను. మైకు పట్టుకునే ఎనౌన్సరు మామూలు రోజుల్లో బట్టలు కుట్టేవాడు. కొలతలు రాసుకునేటప్పుడు నోట్లోంచి మాట వచ్చేది కాదు, మైకు చేతికిస్తే మాత్రం మహానుభావుడు. తెలుగులో మొట్టమొదటి పూర్తి రంగుల చిత్రం అని అతను చెబుతుంటే, ‘రంగుల’ దగ్గర ఎంతసేపు సాగదీయాలో అతనికే తెలుసు. ఎర్ర కాగితం, పచ్చ కాగితం కరపత్రాలు గాల్లోకి విసిరితే పిల్లలు రిక్షా వెంట పరిగెత్తేవాళ్లు. కరపత్రంలో కథ సగం దాకా చెప్పి, తరువాయి వెండితెరపై చూడమని ఆపేసేవాళ్లు. లవకుశుల కథలో తరువాయి తెలియనివాళ్లు ఈ దేశంలో ఎవరున్నారో నాకిప్పటికీ అర్థం కాదు. అయినా అలాగే రాసేవాళ్లు, అలాగే వచ్చేవాళ్లు. చివరికి పెట్టె వచ్చిన వారం లంక గ్రామాల నుంచి జనం బండ్లు కట్టుకుని దిగారు. హాలు వెనక చింతతోపులో ఎడ్లకి గడ్డి, మనుషులకి చద్దిమూటలు. ఆట విడిచిపెట్టాక అక్కడే పడుకుని తెల్లారి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఇక రోజువారీ సంగతి. గేటు తీయగానే ఆపరేటరు గ్రామఫోను ప్లేటుని మెత్తటి గుడ్డతో తుడిచి ఘంటసాల గారి ‘నమో వెంకటేశా’ వేసేవాడు. మా హాల్లోనే కాదు, ఆంధ్రదేశంలో ఎన్నో హాళ్లకి అదే బోణీ పాట. ఆ పాట వినపడితే టికెట్లు ఇవ్వబోతున్నారని అర్థం. దాని తర్వాత రెండో మూడో సినిమా పాటలు, ఆ తర్వాత గంట, ఆపైన ప్రభుత్వం వారి న్యూస్‌రీలు. ఈ వరస ఊళ్లో ప్రతి ఇంటికీ కంఠతా వచ్చు. హాలు ఎదురింటి పెరట్లోంచి రోజూ ఒక సంభాషణ నాకు వినపడుతుండేది.

“అత్తయ్యా, పాట వేసేశాడు, బయల్దేరదామా?”

“ఇంకా వెంకటేశ్వరుడే కదే. ఇంకో రెండు వేస్తాడు. చారుకి పోపు పెట్టేసి రా.”

వాళ్లు వచ్చేసరికి న్యూస్‌రీలు నడుస్తుండేది. సినిమా మొదలు మాత్రం ఒక్కనాడూ తప్పిపోలేదు.

నా గొంతు గురించి కూడా ఉన్నమాట చెప్పాలి. నాకు సన్న స్వరాలు, నడిమి స్వరాలు బాగా పలుకుతాయి. సుమారు 300 హెర్ట్జ్‌కి దిగువన ఉన్నవి దాదాపు రావు. నా మూతి వెడల్పు ఎంతో అంతే నా శక్తి, దానికి ఎవరూ ఏమీ చేయలేరు. కాబట్టి మృదంగం తొప్పి దెబ్బ, డోలు మోత నా దగ్గర ఆశించకండి. ఘంటసాల గారి గొంతులోని గాంభీర్యం సగం నా గొట్టంలోనే ఆగిపోయేది. అయినా సంతపేట అవతల కలుపు తీసేవాళ్లకి ప్రతి మాటా తెలిసేది, ఎందుకంటే మాట స్పష్టతంతా ఉండేది ఆ నడిమి స్వరాల్లోనే. నన్ను చేసినవాడు సంగీతం కోసం చేయలేదు, దూరం కోసం చేశాడు.

ఏటా వేసవిలో కుమ్మరి పురుగు నా గొంతులో మట్టిగూడు కట్టేది. అప్పుడు ఎనౌన్సరు ఏం చదివినా ముక్కుతో చదివినట్టుండేది. ఆపరేటరు నిచ్చెనేసుకుని ఎక్కి చీపురుపుల్లతో కెలికి, నోట్లోకి పడ్డ మట్టి ఉమ్ముకుంటూ నన్ను తిట్టేవాడు. పిడుగు పడ్డప్పుడు కాయిల్ కాలిపోయేది. నాలుగు మరలు విప్పి డయాఫ్రం బయటికి తీస్తే, చిన్న గిన్నెమూతంత రేకు చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగితీగ, నల్లగా మాడిపోయి. ఊరంతా వినే గొంతు అంత చిన్న వస్తువులోంచి వస్తుందని చూసిన పిల్లాడెవడూ నమ్మలేదు.

నాకూ వంశం ఉంది. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు గారు, 1910 ప్రాంతంలో ఆ స్టూడియోని తాకట్టు పెట్టి, 30,000 రూపాయలకి క్రోనో మెగాఫోన్ అనే యంత్రం కొన్నారని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే గ్రామఫోను ప్లేటులోని శబ్దాన్ని గాలి ఒత్తిడితో పెద్దది చేసి బాకాలోంచి వదిలే యంత్రం అది. టాకీ రాకకి ఇరవై ఏళ్ల ముందే మా జాతివాడొకడు తెర పక్కన నిలబడి పాడాడన్నమాట. దాన్ని మోసుకుని ఆయన బర్మా, సింహళం దాకా తిరిగి, 1914లో మద్రాసులో గెయిటీ హాలు కట్టారు.

తర్వాత బెజవాడలో 1921లో పోతిన శ్రీనివాసరావు గారి మారుతి హాలు వచ్చింది. అవి మూకీల రోజులు. తెర కింద హార్మోనియం ఒకాయన, తబలా ఒకాయన కూర్చుని, తెర మీద ఏడిస్తే ఏడుపు రాగం, గుర్రాలు పరిగెడితే జోరు దరువు వాయించేవాళ్లు. ప్రతి ఆటకీ సంగీతం కొత్తగా పుట్టేది. నిన్న రాత్రి విన్నది ఇవాళ మళ్లీ వినపడదు. 1932 ఫిబ్రవరి 6న ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. సురభి నాటకాల వాళ్లే తెర మీద పాడారు. ఆ రోజుతో తెర కింద కూర్చున్నవాళ్ల పని పోయింది. మొదటి తెలుగు టాకీలో నటించినవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయి గానీ, ఆఖరి మూకీకి వాయించినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు. అది అన్యాయమే.

మా హాలు మొదట నాటకాల హాలు. తెర ముందు ఎనిమిదడుగుల స్టేజి, తెర వెనక రంగు పూసుకునే గది ఎప్పట్నుంచో ఉన్నాయి. దసరాకీ, శ్రీరామనవమికీ సెకండ్ షో ఆపేసి అక్కడ ఊరి ఆర్కెస్ట్రా చేత పాటకచేరీ పెట్టించేవారు పెద్ద ఓనరు గారు. వయొలిన్, క్లారినెట్, తబలా, బాంగోలు, ఒక అకార్డియన్. పాడేవాడు పోస్టాఫీసులో పని చేసేవాడు. లోపలి మైకు తీగ ఒకటి తెచ్చి నాకు తగిలించేవాళ్లు. దాంతో బయట కాలవ గట్టు మీద కూర్చున్నవాళ్లకి కచేరీ ఉచితం. “టికెట్లు తెగట్లేదండీ, దాని నోరు మూయించండి” అని మేనేజరు గొడవ. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. “గట్టు మీద విన్నవాడు రేపు గేటు దాకా వస్తాడయ్యా” అనేవారు. వచ్చారో లేదో లెక్క తేల్చినవాళ్లు లేరు. నా ఓటు మాత్రం పెద్దాయనకే.

ప్రచారం ఎలా చేయాలో మా ఎనౌన్సరుకి తోచని బొమ్మ ఒకటే. ‘శంకరాభరణం’. 1980 ఫిబ్రవరి 2న విడుదలై, మొదటి రోజుల్లో పెద్ద ఊళ్లలోనే హాళ్లు నిండలేదని మాకు కబురు. హీరో ముసలాయన. ఫైట్లు లేవు, కారు లేదు. “ఏం చెప్పమంటారండీ?” అని అడిగితే పెద్దాయన “ఏమీ చెప్పకు, ప్లేటు వెయ్యి” అన్నారు. రిక్షా ఊరంతా తిరిగింది, ఎనౌన్సరు నోరు విప్పలేదు. మహదేవన్ గారి బాణీ, బాలు గారి గొంతు, అంతే. వీధి అరుగుల మీద పేకాట ఆగింది. ఆ సినిమాకి సంగీత దర్శకుడికీ, పాడిన బాలసుబ్రహ్మణ్యం గారికీ, వాణీ జయరాం గారికీ జాతీయ అవార్డులు వచ్చాయి. అవార్డులు రాకముందే మా సంతపేటకి ఆ సంగతి తెలుసు.

నా పతనం గురించి ఎక్కువ చెప్పను. 2000లో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. రాతపూర్వక అనుమతి లేనిదే లౌడ్‌స్పీకరు పెట్టకూడదు, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అసలు కూడదు. నిబంధన మంచిదే. పరీక్షలకి చదువుకునే పిల్లలూ, మంచం పట్టిన ముసలాళ్లూ ఎన్నేళ్లు నన్ను భరించారో నాకు తెలుసు. నన్ను దింపి మెట్ల కింద పడేశారు. పక్కనే కొన్నాళ్లకి ఖాళీ రీలు పెట్టెలూ వచ్చి చేరాయి. సినిమా ఉపగ్రహం మీదా హార్డ్‌డిస్కులోనూ రావడం మొదలయ్యాక సీ సెంటరనే మాటే పోయింది. హైదరాబాదులో ఆడిన రోజే ఇక్కడా ఆడుతుంది. రాబోవు చిత్రం కోసం ఎదురుచూసే పని ఎవరికీ లేదు, ట్రైలరు ఎవరి ఫోన్లో వాళ్లే చూసుకుంటారు. మంచిదే. కానీ పక్కపక్క అరుగుల మీద కూర్చున్న ఇద్దరికి ఇవాళ మన హాల్లో ఏం ఆడుతోందో ఒకేసారి తెలిసే అవకాశం దాంతోపాటే పోయింది.

2020 మార్చిలో కరోనాకి తలుపులు మూసి, సంక్రాంతి ముందు తెరిచారు. 2024 మే నెలలో అవతల తెలంగాణలో కొత్త సినిమాలు లేక, జనం రాక, సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసేస్తున్నామని ప్రకటించాయి. మా హాలునీ ఫంక్షన్ హాలు చేద్దామని అడిగినవాళ్లు ఉన్నారు.

అంతకు ముందే రీరిలీజుల గాలి వీచింది. 2023లో ‘ఆరెంజ్’ మళ్లీ వేసినప్పుడు కుర్రాళ్లు కుర్చీల్లో కూర్చోలేదు. హ్యారిస్ జయరాజ్ పాటలు మొదలు నుంచి చివరిదాకా గొంతెత్తి పాడారు. తెరలోంచి వచ్చే పాట కంటే హాల్లోంచి లేచే పాటే పెద్దది. మెట్ల కింద ఉన్న నా రేకు కూడా అదిరింది. పోయిన హార్మోనియం వాళ్ల పని ఇన్నాళ్లకి జనమే తీసుకున్నారనిపించింది.

ఆ పాట విన్నాకే ఓనరు గారి మనవరాలికి ఆలోచన వచ్చింది. ఒకరోజు నన్ను బయటికి లాగి దుమ్ము దులిపింది. “బాబాయ్, ఇది పలుకుతుందా?” అని పాత ఆపరేటరు కొడుకుని అడిగింది.

“పలక్కేంటమ్మా, కొత్త డయాఫ్రం వేస్తే ఊరు లేపుద్ది.”

“ఊరు లేపక్కర్లేదు. పగలు, తక్కువ సౌండు. స్టేషన్లో కాగితం పెట్టి అనుమతి తెచ్చాను.”

ఇప్పుడు నేను ఆటో మీద తిరుగుతున్నాను. ఎనౌన్సరు లేడు, ఆ అమ్మాయి గొంతే పెన్‌డ్రైవ్‌లో. ‘రంగుల’ దగ్గర సాగదీయడం రాదు గానీ మాట స్పష్టం. ఈ నెల చెప్పాల్సినవి ఇవి: శుక్రవారం కొత్త సినిమా, రోజూ నాలుగు ఆటలు. రెండో ఆదివారం పొద్దున ‘మాయాబజార్’, 1957 నాటిది, 2010లో రంగులద్దిన ప్రింటు. ఆటకి ముందు అరగంట స్టేజి మీద ఊరి ఆర్కెస్ట్రా. సాలూరి రాజేశ్వరరావు గారు మొదలుపెట్టి ఘంటసాల గారు పూర్తిచేసిన ఆ పాటల్ని కుర్రాళ్లు కీబోర్డు మీద సాధన చేస్తున్నారు. తబలాకి మాత్రం మనిషినే పిలిచారు. పోస్టాఫీసాయన కొడుకు పాడతాడట. నెలాఖరు ఆదివారం ‘శంకరాభరణం’, దానికి వీణ కచేరీ.

ఒక మాట మీకు. శుక్రవారం సాయంత్రం హాలు ఎలాగూ నిండుతుంది, అప్పుడు మీరు రాకపోయినా మాకు పెద్ద బాధ లేదు. కష్టమంతా మంగళవారం, బుధవారం మ్యాట్నీలది. పట్టుమని పది టికెట్లు తెగకపోతే ఆట రద్దవుతోంది, కరెంటు ఖర్చు కూడా రాదు. ఆ రోజుల్లో రండి. టికెట్టు ఫోన్లో కొంటే పైన రుసుము వేస్తారు, మా కిటికీ దగ్గర కొంటే అది ఉండదు. మ్యాట్నీ రెండున్నరకి.